నీరు దిగిన దుకాణం: ముందు రంగా, ముందు ఆరబెట్టడమా?

నాగావళి గట్టు (శ్రీకాకుళం, బట్టల వ్యాపారం)

సభ్యులందరికీ నమస్కారం. మహర్నవమి నాటి రాత్రి వాన దంచికొట్టడంతో మా వీధి మురుగు కాలువ పొంగి, ఏడు రోడ్ల కూడలికి కొద్ది దూరంలో ఉన్న మా బట్టల దుకాణంలోకి మోకాలి లోతు నీరు వచ్చింది. తెల్లవారి పొద్దెక్కితే గాని ఆ నీరు దిగలేదు. ఆయుధ పూజకు పసుపు కుంకుమలు పెట్టి ఉంచిన కత్తెరలూ గజం బద్దలూ ఆ మురుగులోనే దొరికాయి. కింది రెండు అరల సరుకు పోయింది. దాని సంగతి అలా ఉంచి, గోడల విషయంలో మీ సలహా కోరుతున్నాను.

దుకాణంలో మూడు వైపులా నేల నుంచి ఎనిమిది అడుగుల ఎత్తు వరకు ప్లైవుడ్ ప్యానెలింగ్ ఉంది. వెనుక ట్రయల్ గదులకు జిప్సమ్ బోర్డు అడ్డుగోడలు ఉన్నాయి. రెండేళ్ల క్రితం వీటికి మూడున్నర లక్షలు ఖర్చయింది. నీరు దిగి ఇవాళ్టికి మూడో రోజు. షట్టరు ఎత్తగానే ముక్కిన వాసన కొడుతోంది, నిలువుటద్దం పక్కన ప్యానెళ్ల అతుకుల్లో నల్లటి చుక్కలు కనిపిస్తున్నాయి. బ్లీచింగ్ నీళ్లతో కడిగించి, పుట్టీ పెట్టించి, చెమ్మను ఆపే రంగు వేయిస్తే వారంలో తెరవవచ్చునని భవన యజమాని అంటున్నారు. ఆయన పుట్టీ సంచులు కూడా కొని పంపించారు. మా బావమరిది మాత్రం ప్యానెళ్లన్నీ ఊడదీసి, గోడ పూర్తిగా ఆరే వరకు రంగు మాట తలపెట్టవద్దని గట్టిగా చెబుతున్నాడు. దీపావళికి ఇంకా 18 రోజులే ఉంది. ఎవరి మాట వినాలి? షట్టర్లు ఎత్తి గాలి తగలనివ్వాలా, మూసి ఏసీ నడపాలా అన్నదానిపై కూడా ఇంట్లో రెండు అభిప్రాయాలు ఉన్నాయి.

బ్రష్షు మేస్త్రీ (రాజాం, రంగుల పని)

యజమాని గారి మాట సబబుగానే ఉందని నా అభిప్రాయం. నేను ఇరవై రెండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటాక, విజయనగరంలోనూ రాజాంలోనూ నీరు కారిన దుకాణాలకు నాలుగు నెలల పాటు తీరిక లేకుండా రంగులు వేశాను. అప్పుడు మా ఎవరి దగ్గరా తేమ కొలిచే యంత్రాలు లేవు. కడిగాం, రెండు మూడు రోజులు ఫ్యాన్లు తిప్పాం, పుట్టీ పెట్టి రంగు వేశాం, దుకాణాలు తెరుచుకున్నాయి.

బట్టల వ్యాపారికి దసరా నుంచి సంక్రాంతి దాకా జరిగే అమ్మకమే ఏడాది పొడవునా ఆధారం. గోడ ఆరే వరకు ఆగమని చెప్పేవారు ఆ నెలల అద్దె కడతారా, పనివాళ్లకు జీతాలిస్తారా? వానాకాలంలో మన ప్రాంతంలో తోలు చెప్పులకూ బూజు పడుతుంది, ఊరగాయ జాడీకి కట్టిన గుడ్డకూ పడుతుంది. తుడుచుకుని వాడుకుంటూనే ఉన్నాం. 2021లో బ్లాక్ ఫంగస్ వార్తలు చూసిన నాటి నుంచి గోడ మీద నల్ల మచ్చ కనబడితే చాలు, జనం హడలిపోతున్నారు. బ్లీచింగ్ ఘాటుగా కలిపి కొడితే ఏ బూజూ నిలవదు.

సున్నపు గోడ (విజయనగరం, విశ్రాంత సివిల్ ఇంజనీరు)

బ్లాక్ ఫంగస్ భయం గురించి మేస్త్రీ గారు అన్న మాటతో ఏకీభవిస్తాను. 2021లో మధుమేహం, స్టెరాయిడ్ల వాడకం ఉన్న కోవిడ్ రోగులను పట్టి పీడించిన జబ్బు మ్యూకర్‌మైకోసిస్, దానికి బ్లాక్ ఫంగస్ అన్న పేరే తప్పు. గోడ మీది నల్ల మచ్చలు చాలావరకు వేరే జాతులవి. అయితే ఆ మచ్చలు ఆ జబ్బు కావన్నంత మాత్రాన హానిలేనివని కాదు. ఉబ్బసం ఉన్నవారు, ముక్కు కారే తత్వం ఉన్నవారు రోజుకు పన్నెండు గంటలు ఆ గదిలో నిలబడి పనిచేస్తే తేడా వారికే తెలుస్తుంది. చెమ్మ, బూజు ఉన్న భవనాల్లో శ్వాస సంబంధమైన ఇబ్బందులు ఎక్కువగా కనిపిస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే మార్గదర్శకాల్లో చెప్పింది. కొనుగోలుదారుడు అరగంటలో వెళ్ళిపోతాడు, మడతలు పెట్టే అమ్మాయి రాత్రి దాకా అక్కడే ఉంటుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. బూజు అని మనం సాలెగూళ్లనూ అంటాం గనుక, నేను మాట్లాడేది శిలీంధ్రం గురించేనని స్పష్టం చేస్తున్నాను. దాని బీజాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి, మీ దుకాణంలో వరద రాకముందూ ఉన్నాయి. వెచ్చదనం మన ఊళ్లో ఏడాదంతా ఉంటుంది. ప్లైవుడ్‌లోని చెక్క, దానిని అంటించిన జిగురు, జిప్సమ్ బోర్డుకు రెండు వైపులా ఉన్న కాగితం, మూలల్లో పేరుకున్న నూలు దుమ్ము, ఇవన్నీ దానికి ఆహారమే. వీటిలో దేన్నీ మనం లేకుండా చేయలేం. మన చేతిలో ఉన్నది నీటిని తీసేయడం ఒక్కటే. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ పాఠశాలలకూ వాణిజ్య భవనాలకూ ఇచ్చిన మార్గదర్శకం తడిసిన వాటిని 24 నుంచి 48 గంటల లోపు ఆరబెట్టమంటుంది, బూజును తొలగించడానికి బ్లీచింగ్ వంటి మందులను మామూలు పద్ధతిగా వాడటాన్ని సిఫారసు చేయదు. చచ్చిన బూజు కూడా ఎలర్జీ కలిగిస్తుంది కాబట్టి, చంపి అక్కడే వదిలి పైన రంగు వేస్తే పని సగమే అయినట్టు.

బ్లీచింగ్ ద్రావణంలో అత్యధిక భాగం నీరే. గాజు మీద, టైల్స్ మీద, స్టీలు ర్యాకుల మీద అది బాగా పనిచేస్తుంది. ప్లైవుడ్ వంటి పీల్చుకునే వస్తువు మీద చల్లితే దాని బలం పైపొర మీదే ఖర్చవుతుంది, నీరు మాత్రం లోపలికి ఇంకుతుంది. అంటే మనం చంపాలనుకున్నదానికి మనమే నీళ్లు పోసిన వాళ్లమవుతాం. మీ దుకాణంలోకి వచ్చింది మురుగు నీరు గనుక క్రిముల కోసం నేలను, ర్యాకులను తప్పక బ్లీచింగ్‌తో కడగాలి. అయితే ముందు సబ్బు నీళ్లతో బురద పోయేలా తోమాలి, ఎందుకంటే మురికి ఉన్నచోట క్లోరిన్ మురికి మీదే ఖర్చయిపోతుంది. ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. టైల్స్ మరకలు పోవడానికి పనివాళ్లు యాసిడ్ పోసే అలవాటు మనకు ఉంది. బ్లీచింగ్ పోసిన నేల మీద యాసిడ్ పడితే క్లోరిన్ వాయువు పుడుతుంది. షట్టరు సగం దించిన దుకాణంలో అది ప్రాణాల మీదికి తెస్తుంది.

చెమ్మను ఆపే రంగు గురించి కూడా చెబుతాను. బయటి నుంచి గోడలోకి నీరు రాకుండా బయటి ముఖానికి వేసే పూత వేరు. ఇప్పటికే నీరు తాగిన తొమ్మిదంగుళాల ఇటుక గోడకు లోపలి వైపున పూత వేయడం వేరు. తడి చీరను మడత పెట్టి బీరువాలో దాస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. గోడలోని నీరు పైకి పాకుతుంది, లేదా రంగును బుడగలుగా లేపుతుంది.

ప్యానెళ్లన్నీ ఒకేసారి పీకనవసరం లేదు. నీటి గీత కనిపిస్తున్న ఎత్తుకు కనీసం అడుగు పైన అడ్డంగా కోయించి, కింది భాగాన్ని తీయించండి. జిప్సమ్ బోర్డు తీసిన భాగాన్ని పారేయడమే మేలు. ప్లైవుడ్ వెనుక ముద్ర చూడండి. ఐఎస్ 303 అని ఉంటే అది మామూలు రకం, ఉబ్బి ఉంటే ఇక పనికిరాదు. ఐఎస్ 710 అని ఉంటే అది మెరైన్ రకం, దాన్ని ఎండబెట్టి తుడిచి మళ్లీ బిగించుకోవచ్చు. ఆ తరువాత షట్టర్లూ వెనుక తలుపులూ బార్లా తెరిచి ఉంచండి.

చల్లగాలి (విజయనగరం, ఏసీ మెకానిక్)

ఇంజనీరు గారు చెప్పినదంతా శిరసావహిస్తాను గాని, చివరి వాక్యం ఒప్పుకోలేను. ఆశ్వయుజంలో వాన వెలిసిన మర్నాడు మన తీరప్రాంతపు గాలిని ఆరబెట్టే గాలి అనుకోవడం పొరపాటు. లెక్క చూడండి. 30 డిగ్రీల వద్ద ఒక ఘనపు మీటరు గాలి ఎక్కువలో ఎక్కువగా సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. బయట తేమ 80 శాతం ఉంటే ఆ గాలిలో 24 గ్రాములు ఉన్నట్టు. అదే గాలి 24 డిగ్రీల గోడను తాకితే సుమారు 22 గ్రాములకు మించి మోయలేదు, మిగిలింది గోడ మీద నీరుగా దిగుతుంది. రాత్రంతా ఏసీ నడిపి, ఉదయం షట్టరు బార్లా తెరిచే దుకాణాల్లో అద్దాల వెనుక జరిగేది ఇదే.

అందుకే ఒక అనుమానం అడుగుతాను. నాగావళి గట్టు గారూ, ఆ నల్ల చుక్కలు నిజంగా ఈ మూడు రోజుల్లోనే వచ్చినవా? మూడు రోజుల బూజు సాధారణంగా తెల్లగా, బూడిద రంగులో నూగులా కనిపిస్తుంది. నల్లగా గట్టిపడిన చుక్కలు పాతవై ఉండవచ్చు. ప్యానెల్ తీసినప్పుడు నీటి గీత కన్నా పైన కూడా ఉన్నాయేమో చూడండి.

నా సలహా ఏమిటంటే, కడిగే పని, పీకే పని జరిగేంత సేపు తలుపులు తెరిచి ఉంచండి. ఆ తరువాత మూసేయండి. తేమ లాగే యంత్రం, అంటే డీహ్యూమిడిఫయర్, అద్దెకు దొరికితే తెచ్చి దాని గొట్టాన్ని బయటి కాలువలో పెట్టండి. దొరకకపోతే ఏసీని డ్రై మోడ్‌లో నడపండి. కానీ ఇన్వర్టర్ ఏసీ కోరిన చల్లదనం రాగానే నెమ్మదించిపోతుంది, అప్పుడు తేమ లాగడం కూడా తగ్గిపోతుంది, కాబట్టి దాని మీదే పూర్తిగా ఆధారపడవద్దు. ఫ్యాన్లను గోడ వెంబడి గాలి పాకేలా పెట్టండి, బూజు కనిపించే చోటికి మాత్రం తిప్పవద్దు. తిప్పితే బీజాలను పై అరల సరుకు మీదికి మీరే చల్లినట్టవుతుంది. అన్నిటికన్నా ముందు, నీటిలో మునిగిన ప్లగ్ పాయింట్లను ఎలక్ట్రీషియన్ చూడకుండా మెయిన్ వేయవద్దు.

జీడిగింజ (పలాస, జీడిపప్పు పరిశ్రమ)

24 గంటలు, 48 గంటలు అన్న లెక్కలు వినడానికి బాగుంటాయి గాని, అవి కరెంటు ఉన్నవారి లెక్కలు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా పలాస దగ్గరే తీరం దాటింది. స్తంభాలు వరుసగా పడిపోయి రోజుల తరబడి కరెంటు లేదు. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమైన ఆ రోజుల్లో డీహ్యూమిడిఫయర్ మాట ఎత్తితే నవ్వేవారు.

మా గోదాము రేకులు లేచిపోయి తడిసింది. అప్పుడు మేము చేసిన పనికి యంత్రం అక్కర్లేదు. తడిసిన గోనె సంచులు, అట్టపెట్టెలు, చెక్క బల్లలు, కాగితాల కట్టలు అన్నింటినీ మొదటి రోజే బయటికి మోయించాం. గోడ ఎండకపోయినా, గోడను తడిగా ఉంచే సామాను అక్కడ లేకుండా పోయింది. ఎండ వచ్చిన గంటల్లో రేకు కప్పు లేని వైపు తెరిచాం, సాయంత్రం చెమట పట్టే వేళకు పరదాలు దించేశాం. మా పక్క గోదాము వారు తడి సరుకుకు తార్పాలిన్ కప్పి, దాని కిందే వదిలేసి కరెంటు కోసం ఎదురుచూశారు. వారానికి ఆ తార్పాలిన్ ఎత్తినప్పుడు వచ్చిన వాసన నాకు ఇంకా జ్ఞాపకం ఉంది.

ఇంకో మాట. జనరేటరును లోపల పెట్టి షట్టరు మూసే పని ఎవరూ చేయవద్దు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనిషి కూర్చున్నచోటే పోతాడు. ఆహార సరుకు ఉన్నవారు బూజు పట్టిన పప్పును తుడిచి, వేయించి అమ్ముదామని చూడవద్దు. కొన్ని బూజులు వదిలే అఫ్లటాక్సిన్ విషం వేయించినా పూర్తిగా పోదు. బట్టల దుకాణానికి ఆ బాధ లేనందుకు సంతోషించండి.

లెక్కల పుస్తకం (శ్రీకాకుళం, బీమా, పన్నుల సలహాదారు)

గోడల గురించి నాకు తెలియదు గాని, ఏదీ పారేయకముందు ఒక పని చేయండి. నీటి గీతకు టేపు పట్టి, కొలత కనిపించేలా ప్రతి గోడనూ ఫోటో తీయండి. కోసిన ప్లైవుడ్, జిప్సమ్ ముక్కలను ఒక్కొక్కటి గుర్తు పెట్టి సంచిలో ఉంచండి. బీమా కంపెనీకి లిఖితపూర్వకంగా తెలియజేయండి. సర్వేయరు వచ్చే వరకు ఏదీ ముట్టుకోకూడదని చాలామంది అనుకుంటారు. నష్టం పెరగకుండా తగిన జాగ్రత్త తీసుకోవడం కూడా పాలసీదారుడి బాధ్యతే, కనుక ఆరబెట్టే పనిని ఆపి కూర్చోవద్దు. 2021 ఏప్రిల్ నుంచి ఐదు కోట్ల వరకు ఆస్తి ఉన్న వ్యాపారాలకు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే పాలసీ వచ్చింది, వరద కూడా అందులో ఉంటుంది. మీది అదేనేమో చూసుకోండి. ప్యానెలింగ్ ఖర్చును పాలసీలో చూపించారా, సరుకు మాత్రమే చూపించారా అన్నదాని మీద మీకు వచ్చే సొమ్ము ఆధారపడుతుంది.

బ్రష్షు మేస్త్రీ

ఇంజనీరు గారి ఉత్తరం రెండుసార్లు చదివాను. ప్లైవుడ్ మీద బ్లీచింగ్ విషయంలో ఆయన మాట కాదనలేను. నిజం చెప్పాలంటే, హుద్‌హుద్ తరువాత నేను రంగు వేసిన ఒక మందుల దుకాణంలో ఏడాది తిరగకముందే గోడ అడుగున పుట్టీ పెచ్చులుగా లేచింది. మాట పోకూడదని నా ఖర్చుతోనే మళ్లీ వేశాను. ఆ సంగతి నా మొదటి ఉత్తరంలో రాయలేదు, రాయవలసింది.

అయితే చదువుకున్నవారు కూడా పొరబడే సంగతి ఒకటి ఉంది. గోడ మీద తెల్లగా దూదిలా లేచినదంతా బూజు కాదు. బూజు, బూజు అని నన్ను పిలిచిన చోట సగానికి సగం అది గోడలోంచి వచ్చిన ఉప్పు. చేతివేలితో నలిపితే పొడి అవుతుంది, నీటి చుక్క వేస్తే కరిగిపోతుంది. బూజు కరగదు, మెత్తగా అంటుకుంటుంది. ఉప్పును తడిగుడ్డతో కడిగితే కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. పొడి బ్రష్షుతో దులిపి, కింద పడినదాన్ని ఎత్తిపారేయాలి. ఉప్పు కనిపిస్తోందంటే గోడ ఆరుతోందని, లోపలి నీరు బయటికి ప్రయాణం చేస్తోందని అర్థం. దాన్ని చూసి భయపడి పైన రంగు వేసేవారే ఎక్కువ.

నా అసలు ప్రశ్నకు మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు. గోడ ఆరిందని ఎలా తెలుస్తుంది? ఇటుక గోడకు అంగుళానికి ఒక నెల అని పాతవాళ్ల లెక్క ఒకటి ఉంది. ఆ లెక్కన తొమ్మిదంగుళాల గోడకు తొమ్మిది నెలలు. అంతకాలం వ్యాపారి వీధిలో కూర్చోవాలా?

సున్నపు గోడ

మేస్త్రీ గారు ఉప్పు గురించి చెప్పినది నా అనుభవంలోనూ నిజమే, ఆ మాట నేను చెప్పవలసింది. తలుపుల విషయంలో చల్లగాలి గారి లెక్క కూడా సరైనదే. మా కాలంలో దుకాణాలకు ఏసీలు లేవు గనుక తెరవడమే మందు అన్న అలవాటు నాలో ఉండిపోయింది. బయట తేమ తగ్గే మధ్యాహ్నపు ఎండలో తెరిచి, మిగిలిన వేళల్లో మూసి యంత్రం నడపమని నా సలహాను దిద్దుకుంటున్నాను.

ఆరిందని తెలుసుకోవడానికి తేమ కొలిచే సూదుల మీటరు ఒకటి చాలు. చెక్క మీద అది చూపే శాతాన్ని నమ్మవచ్చు. 20 శాతం దాటితే బూజుకు అనుకూలం, మన తీరంలో 16 చుట్టుపక్కలకు వస్తే నిశ్చింత. సిమెంటు గోడ మీద మాత్రం అది చూపేది అసలు శాతం కాదు, పైగా గోడలో ఉప్పు ఉంటే లేని తేమను కూడా చూపిస్తుంది. కాబట్టి నీరు తగలని పై గోడ మీద ఒక అంకె తీసుకుని, తడిసిన గోడ అంకె రోజురోజుకూ దాని వైపు దిగుతోందా లేదా అని చూడాలి. మీటరు లేకపోతే అడుగున్నర చదరపు పాలిథీన్ కాగితాన్ని నాలుగు అంచులా టేపు వేసి అంటించి, కనీసం 16 గంటలు ఉంచండి. లోపలి వైపు నీటి చెమట పట్టినా, కింద గోడ నల్లబడినా ఇంకా ఆరనట్టే. అది కాంక్రీటు నేలకు ఉద్దేశించిన పరీక్ష, గోడకు ఒక సూచనగా తీసుకోండి.

తొమ్మిది నెలలు ఆగమని నేను అనలేదు. ఆరకుండానే దుకాణం తెరవవచ్చు, ఆరడాన్ని అడ్డుకోకుండా తెరవాలి. విజయనగరంలో కోట చుట్టుపక్కల, గంటస్తంభం వైపు ఉన్న పాత సున్నపు గోడల భవనాలు ఎన్ని వానలు చూశాయో లెక్కలేదు. సున్నం చెమ్మను పట్టి ఉంచదు, గాలికి వదిలేస్తుంది. పైగా తాజా సున్నానికి ఉండే క్షారగుణం వల్ల దాని మీద బూజు తేలికగా పట్టదు. ఆ గుణం నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది గాని, మనకు కావలసిన ఈ చలికాలానికి సరిపోతుంది. కాబట్టి కింది నాలుగడుగులకు ఇప్పుడు పుట్టీ వద్దు, ప్లాస్టిక్ రంగు వద్దు, సున్నం కొట్టించి వ్యాపారం చేసుకోండి. మార్గశిర, పుష్య మాసాల్లో గాలి పొడిగా ఉంటుంది, మీటరు అంకె దిగిన తరువాత మీకు నచ్చిన రంగు వేయించుకోండి.

బ్రష్షు మేస్త్రీ

కాగితం మీద సున్నం కొట్టడం తేలికే. బట్టల దుకాణంలో సున్నపు గోడకు కొనుగోలుదారు భుజం ఆనిస్తే చొక్కా తెల్లబడుతుంది, పట్టుచీర ఆనితే గొడవవుతుంది. మరో చిక్కు కూడా ఉంది. ఇప్పుడు గోడ మీద ఉన్నది ఎమల్షన్ రంగు. దాని మీద సున్నం నిలవదు, పొట్టులా రాలిపోతుంది. పాత రంగు, పుట్టీ అంతా సిమెంటు కనిపించే దాకా గీకాలి. అది ఇద్దరు మనుషులకు మూడు రోజుల పని, మామూలు దుమ్ము కాదు.

సున్నపు గోడ

గీకవలసిందేనన్నది నిజం. గీకేటప్పుడు ఎన్95 మాస్కు, కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా ఎవరినీ లోపలికి పంపవద్దు. బూజు ఉన్న చోటును ముందు కొద్దిగా తడి చేసి గీకితే దుమ్ము లేవదు. ఆ భాగాన్ని మిగతా దుకాణం నుంచి పాలిథీన్ పరదాతో వేరు చేయండి. చొక్కా తెల్లబడే సమస్యకు నా దగ్గర ఉన్న జవాబు ఒకటే. ర్యాకులను గోడకు ఆనించకుండా ఆరంగుళాలు జరిపి నిలబెట్టండి, వెనుక అట్ట గాని బోర్డు గాని వేయకుండా వలతో వదిలేయండి. మనిషి గోడదాకా వెళ్ళడు, గాలి మాత్రం వెళుతుంది.

నాగావళి గట్టు

ఇచ్చిన సలహాలన్నింటికీ కృతజ్ఞతలు. ఈ రెండు రోజుల్లో జరిగినది వివరంగా రాస్తాను.

నిన్న ఉదయం వడ్రంగిని పిలిచి, ఫోటోలు తీశాక, మూడడుగుల ఎత్తున అడ్డంగా కోయించాను. తూర్పు గోడ వైపు ప్యానెల్ వెనుక తడి, బురద, తెల్లటి నూగు కనిపించాయి, అది ఊహించినదే. అద్దం ఉన్న ఉత్తరపు గోడ దగ్గర మాత్రం చల్లగాలి గారి అనుమానం నిజమైంది. కోసిన గీతకు పైన కూడా నలుపు పాకి ఉంది. ఇంకా పైకి తీయిస్తే, ఏడడుగుల ఎత్తు నుంచి దిగిన ఒక చార కనిపించింది. ఆ చార నేరుగా పై అంతస్తులోని స్నానాల గది కింద మొదలవుతోంది. ప్లంబరు వచ్చి, పైపు అతుకు నుంచి చాలా కాలంగా నీరు ఊరుతోందని తేల్చాడు. రెండేళ్లుగా ప్యానెలింగ్ అందంగా ఉందని మేము మురిసిపోతున్నాం, దాని వెనుక జరిగేది అది. వరద రాకపోతే ఇంకా ఎంతకాలం తెలిసేది కాదో.

ఉత్తరపు గోడ ప్లైవుడ్ 303 ముద్ర ఉన్నదే, అది మొత్తం తీసేశాను. మిగతా రెండు గోడలకు మూడడుగుల పైన ఉన్నది పొడిగా ఉంది, మీటరులో 14, 15 చూపిస్తోంది, దాన్ని ఉంచాను. పొడి గోడ మీద మీటరు 18 చూపిస్తే తూర్పు గోడ అడుగున నిన్న 61, ఇవాళ 55 చూపింది. ఉత్తరపు గోడ మాత్రం నిన్నా ఇవాళా 70 దగ్గరే ఉంది.

భవన యజమానికి పైపు చూపించాను. పైపు మరమ్మతుకు ఆయన వెంటనే ఒప్పుకున్నారు. పుట్టీ ఇప్పుడే పెట్టవద్దంటే మాత్రం, రంగు వేయని గోడను చూసి భవనం పాడైందని ఊళ్లో అనుకుంటారని బాధపడ్డారు. ఆయన బాధ కూడా అర్థం చేసుకోదగినదే. చివరికి ముందు భాగంలో, వీధిలోంచి కనిపించే గోడ తడవలేదు గనుక దానికి మాత్రం రంగు వేయించి, లోపల సున్నం కొట్టించడానికి ఒప్పందం కుదిరింది.

చల్లగాలి

పైపు సరిచేసినా ఉత్తరపు గోడ అంకె వెంటనే దిగదు. రెండేళ్లుగా తాగిన నీరు అది, ఒక్క రాత్రి వరద నీటితో పోల్చకండి. ఆ గోడ వైపు ట్రయల్ గదులను మళ్లీ కట్టవద్దు, ఈ సీజనుకు పరదాలతో సరిపెట్టండి. మీ ఏసీ లోపలి యూనిట్ కూడా ఆ గోడ మీదే ఉందని ఫోటోలో చూశాను. దాన్ని నడిపే ముందు విప్పి బ్లోయరు, ట్రే కడిగించండి. ఆ గోడ నలుపు దానిలోకి చేరి ఉంటే, బటన్ నొక్కిన ప్రతిసారీ దుకాణమంతా అది చల్లుతుంది. దుకాణం తెరిచాక చల్లదనం 26 దగ్గర ఉంచి, గాలి తేమను 60 శాతం లోపు ఉండేలా చూడండి. తేమ చూపే చిన్న గడియారం లాంటి మీటరు గల్లాపెట్టె పక్కన తగిలిస్తే రోజూ కళ్లకు కనిపిస్తుంది.

జీడిగింజ

పై అరల సరుకును పాలిథీన్ సంచుల్లో బిగించి ఉంచారేమో చూడండి. తేమ గాలితో పాటు మూత పడిన సంచిలో జరీ నల్లబడుతుంది. నూలు గుడ్డలో చుట్టి పెట్టడమే మంచిది.

బ్రష్షు మేస్త్రీ

నాగావళి గట్టు గారూ, పని ఎవరికి అప్పగించారో తెలియదు. ఇంకా ఎవరికీ చెప్పకపోతే నేను వస్తాను. గట్టి సున్నపు రాళ్లు తెచ్చి, రాత్రంతా నీటిలో నానబెట్టి, గుడ్డతో వడగట్టి కొట్టాలి. దుకాణంలో దొరికే రంగు పొడి సంచులు సున్నం కావు. రాలకుండా ఉండాలని ఫెవికాల్ ఎక్కువ కలిపితే ఇంజనీరు గారు చెప్పిన గుణం పోతుంది, కాబట్టి కొద్దిగానే వేస్తాను. మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను, మా మనుషులందరూ విజయనగరం వెళతారు, ఆ రోజు పని జరగదు. బుధవారం ఉదయం ఏడింటికి ఇద్దరిని తీసుకుని వస్తాను, మాస్కులు మీరు తెప్పించండి. యజమాని గారు కొని పంపిన పుట్టీ సంచులను నేల మీద పెట్టించకండి, మేడ మీద బల్ల వేసి దాని మీద పెట్టించండి. మూట విప్పకపోతే జనవరి దాకా గట్టిపడకుండా ఉంటాయి.